వీపు మీద చెయ్యి

అద్దానికి వీపు పెట్టి, భుజం మీదుగా చేతి అద్దంలోకి చూసుకున్న బాతుకి తన వీపు మీద ఎవరిదో చెయ్యి కనబడింది.

గబుక్కున వెనక్కి తిరిగింది. నడవలో ఎవరూ లేరు. వాష్‌బేసిన్ కుళాయి చుక్కచుక్కగా కారుతోంది, అంతే. మళ్ళీ చేతి అద్దం ఎత్తింది. చెయ్యి అక్కడే ఉంది. రెక్కల ఎముకల మధ్య, వేళ్ళు విడదీసి, అదిమిపెట్టినట్టు.

కాస్త తేరుకున్నాక అది చెయ్యి కాదు, చేతి అచ్చు అని తెలిసింది. మెడ నుంచి నడుము దాకా వీపంతా కాల్చిన పెంకులా ఎర్రబడి ఉంది. భుజాల మీద నీటిపొక్కులు లేచాయి. అంత ఎరుపులోనూ ఆ అరచెయ్యి మేరకే చర్మం ఎప్పటి రంగులో, చల్లగా, ఏమీ ఎరగనట్టు ఉంది.

ఇల్లు చేరేదాకా మంట తెలుస్తూనే ఉంది. ఇంత ఘోరంగా ఉందని మాత్రం అనుకోలేదు. చొక్కా విప్పుతుంటే చర్మం కూడా దానితోనే వచ్చేస్తుందా అనిపించింది.

రేవులో ఆమెని అందరూ బాతు అనే పిలుస్తారు. కాళ్ళకి రబ్బరు తెడ్లు తగిలించుకుని ఇసుకలో నడిచే తీరు చూసి ఎవరో పెట్టిన పేరు. ఆమె లైఫ్‌గార్డు. మునిగేవాళ్ళని బయటికి లాగడం ఆమె పని. మర్నాడు పొద్దున పరీక్ష. అవతల దీవిలోని స్టేషన్‌కి పెద్ద గార్డుని ఎంచుకునే పరీక్ష. నెగ్గితే ఆ కుర్చీ ఆమెది. తప్పితే, కూర్చున్నవాడు రిటైరయ్యేదాకా ఆ కుర్చీ మళ్ళీ ఖాళీ కాదు. ఇద్దరే పోటీలో మిగిలారు, బాతూ, ఈలా. ఈల అంటే తోటి గార్డు. కాకి వాలినా ఈల ఊదుతాడని ఆ పేరు.

పరీక్షలో వీపుదే ముఖ్యమైన పని. నీళ్ళలో తేలే ఎర్ర ఫ్లోటుకి కట్టిన పట్టీ భుజం మీంచి వీపు మీదుగా వేసుకుని, మనిషంత బరువున్న బొమ్మని అలలకి ఎదురు లాక్కుంటూ రావాలి. లాగేది చేతులైనా భారం పడేది వీపు మీదే.

తలుపు చప్పుడైంది. మొగుడు వచ్చాడు. పడవల షెడ్డులో మెకానిక్ అతను. చేతులకి గ్రీజు ఇంకా వదల్లేదు.

"ఏంటే బాతూ, అద్దం ముందు డాన్సా?" అంటూ వచ్చినవాడు వీపు చూసి ఆగిపోయాడు. "అయ్యో. ఇదేంటి ఇలా..."

"మాట్లాడకు. ముందు నీళ్ళు పొయ్యి."

స్నానాలగదిలో పీట మీద కూర్చోబెట్టి, మగ్గుతో మెడ దగ్గరనుంచి మెల్లగా నీళ్ళు వదిలాడు. నీళ్ళు తగిలినప్పుడల్లా ఆమె పళ్ళు బిగబట్టి కాళ్ళ వేళ్ళు ముడుచుకుంది.

"ఐసు వేస్తే తొందరగా తగ్గుతుందిగా?"

"ఐసు వేస్తే కాలిన చర్మం ఇంకా పాడవుతుంది. మామూలు కుళాయి నీళ్ళు చాలు. పొక్కుల మీద చెయ్యి పెట్టకు, పగిలితే చీము పడుతుంది."

"చిత్తం మేడమ్‌గారూ."

ఆ మాటకి ఆమెకి అంత మంటలోనూ నవ్వొచ్చింది. వారానికోసారి రేవులో ఆమె ప్రథమ చికిత్స క్లాసు చెబుతుంది. ఆమెని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన మొగుడు చివరి బెంచీలో కూర్చుని ఆవలిస్తూ వినేవాడు. ఐసు సంగతి తప్ప విన్నదేదీ వృథా పోలేదన్నమాట.

నీళ్ళు ఒత్తకుండా అద్ది, మంచం మీద బోర్లా పడుకోబెట్టాడు. వంటగదిలోకి వెళ్ళి ఫ్రిజ్ లోంచి స్టీలు డబ్బా తెచ్చాడు. అందులో తడిపి పిండి మడతపెట్టిన నూలు గుడ్డలున్నాయి. ఒక్కొక్కటీ విప్పి పాపాయికి దుప్పటి కప్పినంత సుతారంగా వీపు మీద పరిచాడు. ప్రాణం లేచొచ్చినట్టైంది.

"ఇలాంటి మొగుడు ఎంతమందికుంటాడు?" అన్నాడు.

"ఉంటే వాళ్ళ వీపులన్నీ ఇలాగే కాలుతాయి. రాసిన సన్‌స్క్రీన్ ఏమైపోయిందంట?"

"నేను పొద్దున దట్టంగానే రాశాను. నువ్వే రోజంతా నీళ్ళలో బోర్లా ఈదావు. మధ్యలో మళ్ళీ రాయించుకోవాలి. నీ క్లాసులో నువ్వే చెబుతావు."

అదీ నిజమే. మధ్యాహ్నం విరామంలో స్టేషన్‌లో ఇచ్చే సన్‌స్క్రీన్ ట్యూబు తీసుకుని కాళ్ళకీ చేతులకీ తనే రాసుకుంది. వీపు అందలేదు. వీపు సంగతి అలా వదిలెయ్యడానికి ఒక కారణముంది.

రేవులో ఒక ఆచారముంది. ఎవరి వీపు వాళ్ళకి అందదు కాబట్టి ప్రతి గార్డుకీ ఒక వీపు మనిషి ఉంటారు. రోజూ పొద్దున్నే వీపుకి సన్‌స్క్రీన్ రాసే మనిషి. ఎవరిని పడితే వాళ్ళని పెట్టుకోరు. కనబడని చోట చెయ్యి పెట్టేవాళ్ళని నమ్మాలి. బాతు కొత్తగా చేరిన రోజుల్లో ఆమె వీపు మనిషి సెలవు పెట్టింది. ఇంజిన్ బాగుచెయ్యడానికి వచ్చిన ఈ మెకానిక్ చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుని, "నేను రాయనా అండీ?" అన్నాడు. ఆ తర్వాత పెళ్ళి మాట ఎవరు ముందు ఎత్తారన్నది ఇంట్లో ఇప్పటికీ తెగని తగవు. వీపు మనిషి మాత్రం అప్పట్నుంచీ అతనే.

ఫోను మోగింది. ఈల. మొగుడు స్పీకరు పెట్టి ఆమె దగ్గర పట్టుకున్నాడు.

"ఏం బాతూ, తిన్నావా? త్వరగా పడుకో. రేపు నిన్ను ఓడించాలి, నువ్వు నిద్రమొహంతో వస్తే నాకు పరువు తక్కువ."

"నువ్వు ఈల మింగేసి మునిగిపోకుండా చూసుకో. నిన్ను లాగే ఓపిక నాకు లేదు."

ఫోను పెట్టేశాక ఆమె గొంతు మారింది. "ఫ్లోటు పట్టీ తీసుకురా. చూస్తాను."

"ఇప్పుడా? వద్దు బాతూ..."

"తెమ్మన్నానా?"

తెచ్చాడు. గుడ్డలు తీసి, తడి ఆరకముందే తన సంచీలోంచి కొత్త లోషన్ సీసా తీసి పలచగా రాశాడు. దాని మీద తన పాత నూలు చొక్కా వదులుగా వేశాడు. ఆమె లేచి నిలబడి పట్టీ భుజం మీంచి వేసుకుంది. కొస తలుపు గడియకి కట్టి, ముందుకి వంగి ఒక్క లాగు లాగింది.

భుజం మీద పొక్కు చిట్లింది. కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. మోకాళ్ళ మీద కూలబడబోతే అతను పట్టుకున్నాడు.

"అయిపోయింది," అంది నేల చూస్తూ. ఏడుపు రాలేదు. ఏడ్చినా బాగుండేది.

"వచ్చేసారి చూద్దాంలే."

"వచ్చేసారి అంటూ లేదు. నీకు తెలుసు."

"సరేలే. వీపు కంటే కుర్చీ ఎక్కువా?" ఆమెని మళ్ళీ పడుకోబెట్టి చిట్లిన చోట శుభ్రమైన గుడ్డ అద్దాడు. నీళ్ళ గ్లాసు నోటికందించాడు. "తాగు. చాలా తాగాలి. చలి పుట్టినా కళ్ళు తిరిగినా చెప్పు, డాక్టరు దగ్గరికి పోదాం."

అదీ ఆమె క్లాసు పాఠమే, పొల్లు పోకుండా.

"వీపు ఫొటో తియ్యి," అంది.

"ఎందుకు? చూసి భయపడతావు."

"ఆ చెయ్యి ఎవరిదో చూడాలి."

అతను ఫోను తియ్యడానికి కొంత సేపు పట్టింది. ఫొటోలో అచ్చు స్పష్టంగా ఉంది. చిన్న చెయ్యి, ఆడమనిషి చెయ్యి. చిటికెన వేలు సగమే ఉంది.

ఆ ఇంట్లో సగం చిటికెన వేలు ఒక్కరికే ఉంది. అత్తగారు చిన్నప్పుడు బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనిచేసేది. ఆ వేలు కొస అక్కడి యంత్రానికే అర్పణం.

"అమ్మ చెయ్యి," అన్నాడు మెకానిక్ నెమ్మదిగా. "పొద్దున నీ వీపు మీద ఏం పూసిందో ఏమో. నువ్వు దీవికి పోవడం తనకి ఇష్టం లేదుగా. రోజూ అంటూనే ఉంది. నేను అనకూడదు గానీ..."

అత్తగారు రోజూ అంటుందన్న మాట నిజమే. "నువ్వు దీవికి పోతే గ్యాసుబండ నేను మొయ్యాలా? నీ మొగుడు మోస్తాడా? వాడు సీసా మూతే తియ్యలేడు." పెడసరం మనిషి, మాట మిరపకాయ. కానీ దొంగచాటుగా వీపు కాల్చే మనిషా? కాలిన వీపుకి ఆలోచన కూడా మంటగానే ఉంది.

ఇంతలో వీధి తలుపు దగ్గర అత్తగారి గొంతు. మార్కెట్ పక్కన కార్లు నిలిపే చోట చీటీలు చింపే పని ఆవిడది. పొద్దస్తమానం ఎండలో నిలబడాలి. అందుకే ముక్కుకీ బుగ్గలకీ ఎండ ఆపే జింకు పేస్టు దట్టించి, సున్నం కొట్టిన గోడలా పోయి సున్నం కొట్టిన గోడలా వస్తుంది.

"ఈ ఇంట్లో లోషన్ తాగే దెయ్యం ఏదో ఉంది. నా కాలి పగుళ్ళ లోషన్ సీసా పొద్దున చూస్తే ఖాళీ. మొన్ననేగా కొన్నాను," అంటూ లోపలికొచ్చి మంచం చూసింది. "ఇదేం ఖర్మ? ఎవడు కాల్చాడు దీన్ని?"

"ఎండ," అన్నాడు కొడుకు.

"నోర్ముయ్యి. వెన్న తేనా? పేస్టు రాయనా, పళ్ళ పేస్టు?"

"ఏవీ వద్దు అత్తయ్యా. జిడ్డు రాస్తే వేడి లోపలే ఉండిపోతుంది." ఆమె మోచేతుల మీద లేచింది. "ముందు ఇది చెప్పు. పొద్దున నా వీపు మీద చెయ్యి ఎందుకు పెట్టావు?"

"నేనా?"

మెకానిక్ ఫోను చూపించాడు. అత్తగారు దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది. తన కుడిచెయ్యి చూసుకుంది. తర్వాత పకపకా నవ్వింది.

"పొద్దున అద్దం దగ్గర. మర్చిపోయావా? మొహానికి పేస్టు రాసుకుంటున్నాను. నువ్వు వచ్చి స్తంభంలా అడ్డం నిలబడ్డావు. వీడు రాయడం అయిపోయినా చొక్కా వేసుకోకుండా జడ పిన్నులు వెతుక్కుంటున్నావు. అద్దం నీ ఒక్కదానిదా అని వీపు మీద చెయ్యేసి ఒక్క తోపు తోశాను. వీడు కూడా నవ్వాడు."

గుర్తొచ్చింది. రోజూ ఉండే తగవే. ఒక్క అద్దానికి ముగ్గురు.

"అప్పుడు చేతికి పేస్టుందా?"

"ఉండక? మొహానికంతా రాయాలి. ఆ పేస్టు సబ్బుకే వదలదు, నీ సముద్రం ఎంత?" అత్తగారు నవ్వు ఆపింది. మళ్ళీ ఫొటో చూసింది. ఈసారి ఎక్కువసేపు చూసింది. "అయినా నన్నెందుకే అడుగుతావు? నా చెయ్యి పడ్డ చోట నీ తోలు బాగానే ఉంది. మిగతా వీపంతా ఎవరు రాశారో వాళ్ళనడుగు."

బాతు మెల్లగా లేచి కూర్చుంది. అత్తయ్య కోపంగా తోసిన ఒక్క తోపు తన వీపుని కాపాడింది. ప్రేమగా రాసిన చెయ్యి కాపాడలేదు. ఒకే ఎండ, ఒకే నీళ్ళు. తను రాసుకున్న కాళ్ళకి ఏమీ కాలేదు.

"అత్తయ్యా, అద్దం పక్క అరలోంచి నా వీపుకి రాసే సన్‌స్క్రీన్ సీసా తెచ్చిపెట్టు. నా సంచీలో స్టేషన్ ట్యూబు ఉంది, అదీ తే. మగ్గుతో నీళ్ళు."

"నేను తెస్తాను," అంటూ మెకానిక్ లేచాడు.

"నువ్వు కూర్చో."

కొత్తగా చేరిన గార్డులకి మొదటి రోజు ఆమె చేసి చూపించే పని ఒకటుంది. ఇప్పుడూ అదే చేసింది. ఎడమ ముంజేతికి స్టేషన్ ట్యూబు, కుడి ముంజేతికి ఇంటి సీసా. రెండూ ఆరనిచ్చి అత్తగారి చేత నీళ్ళు పోయించింది. ఎడమ చేతి మీద నీళ్ళు తామరాకు మీద బొట్లలా జారిపోయాయి. కుడి చేతి మీద పూత పాలలా తెల్లగా కరిగి, మోచెయ్యి మీంచి కారి నేల మీద పడింది. చర్మం మీద ఏమీ మిగల్లేదు.

"షాపువాడు నకిలీ అంటగట్టాడేమో," అన్నాడు మెకానిక్. "ఈ రోజుల్లో ఏది నమ్మాలో..."

అత్తగారు వంగి కోడలి కుడి చెయ్యి వాసన చూసింది. సీసా మూత తీసి వాసన చూసింది. తర్వాత మంచం పక్కనున్న కొత్త లోషన్ సీసా తీసి అదీ చూసింది.

"ఇది నా కాళ్ళ లోషన్ రా," అంది. గొంతులో వెటకారం లేదు. "రెండూ అదే. దెయ్యం దొరికింది."

"అమ్మా, నువ్వు ఊరుకో..."

"ఊరుకోను. నువ్వు నా పేరు చెప్పావా దీనికి? నేను రాకముందు?"

బాతు అతని వైపు చూడలేదు. ఆమె స్టీలు డబ్బా వైపు చూస్తోంది. ఖాళీ డబ్బా, అడుగున కాస్త నీళ్ళు. చల్లటి డబ్బా చుట్టూ చెమట పట్టినట్టు తడి.

"నేనొచ్చాక నువ్వొచ్చావు," అంది. ఒక్కో మాటా తడిమి చూసుకుంటున్నట్టు మాట్లాడింది. "వచ్చాక ముందు వంటగదిలోకి వెళ్ళలేదు. తిన్నగా నడవలోకి వచ్చావు, నీళ్ళు పోశావు. గుడ్డలు తడిపింది నేను చూడలేదు. అవి ఫ్రిజ్ లో అప్పటికే మడతపెట్టి ఉన్నాయి. మంచుగడ్డలా కాకుండా, నేను క్లాసులో చెప్పినట్టే చల్లగా. ఎప్పుడు పెట్టావు?"

"బాతూ..."

"పొద్దున నేను వెళ్ళాక. అంతేగా? నా వీపు ఇంకా కాలకముందే నువ్వు దానికి మందు సిద్ధం చేశావు."

అత్తగారు చేతిలోని సీసా కిటికీ మీద పెట్టింది. "చెప్పరా," అంది. "నేను కన్నవాడివేగా. నోరుంది. చెప్పు."

మెకానిక్ మంచం అంచున కూర్చుని చేతులు చూసుకున్నాడు. గోళ్ళ కింద నల్లగా గ్రీజు. తర్వాత తల ఎత్తకుండానే మొదలుపెట్టాడు.

"నేనే. మొదట నీ సీసాలో నీళ్ళు కలుపుదామనుకున్నా. పలచబడితే చేతికి తెలిసిపోతుంది, నువ్వు కనిపెట్టేస్తావు. అందుకే అమ్మ లోషన్ నింపాను. అసలుది వంటగది సింకులో పారబోశాను. పొక్కులొస్తాయనుకోలేదు, ఒట్టు. కాస్త ఎర్రబడుతుంది, పట్టీ వేస్తే మండుతుంది, నీ అంతట నువ్వే మానేస్తావనుకున్నా. వద్దని నోటితో చెప్పొచ్చుగా అంటావు. ఎలా చెప్పను? షెడ్డంతా డప్పు కొట్టింది నేనే, మా ఆవిడ దీవికి పెద్ద గార్డవుతుందని. అందరికీ టీ కూడా తాగించాను. ఇప్పుడు వద్దంటే నేను చిన్నవాణ్ణవుతాను. ఎండ వద్దంటే ఎవరి తప్పూ కాదు. అమ్మ పేరు చెప్పింది కూడా అందుకే. అమ్మని నువ్వు ఎలాగూ తిట్టుకుంటావు, ఇంకో మాట పడితే ఏమవుతుందిలే అనుకున్నా. ఉన్నమాట చెప్పనా? నువ్వు పరీక్షకి కాగితం పెట్టిన రోజునుంచీ నాకు ఒకటే ఆలోచన. అక్కడ పొద్దున్నే నీ వీపుకి ఎవరు రాస్తారు? ఎవడో ఒకడు చేతులు కడుక్కుని వచ్చి, నేను రాయనా అండీ అంటాడు. నేను అలాగే కదా వచ్చాను. ఇందాక పట్టీ లాగి నువ్వు కూలబడ్డావు చూడు, నేను పట్టుకున్నాను. అప్పుడు నాకు ఏడుపు రావాలి. రాలేదు. నీ వీపు మీద తడిగుడ్డలు పరుస్తుంటే, బాతూ, చల్లబడింది నేను."